బ్రేక్ పెడల్ గట్టిపడితే ముందు చూడాల్సింది వ్యాక్యూమ్‌ను, ఆయిల్‌ను కాదు

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా: ఎనిమిదేళ్ల డీజిల్ కారు. పది రోజులుగా బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడింది. బలమంతా కూడదీసుకుని తొక్కితే తప్ప బండి ఆగడం లేదు. ఒకచోట ప్యాడ్లు మార్చారు, బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి బ్లీడింగ్ (ఆయిల్ లైన్లలోని గాలిని బయటికి తీయడం) చేశారు, ఏమీ తేడా రాలేదు. ఇంకోచోట చూపిస్తే బూస్టర్ (బ్రేకు తొక్కే కాలి బలానికి తోడ్పడే భాగం) మొత్తం మార్చాలన్నారు. మార్చాలా, మార్చేదాకా జాగ్రత్తగా నడుపుకోవచ్చా అని అడిగారు.

రెండో దానికి ముందు జవాబు చెబుతాను. నడపకండి. గ్యారేజీ దాకా కూడా మరో బండితో మోయించుకునే వెళ్లండి. పది రోజులు గడిచాయి కదా అన్న ధైర్యం వద్దు. ఇప్పటిదాకా మీకు ఎదురైనవన్నీ ముందే కనిపించిన అడ్డంకులు. ముందే కనిపించనిది ఎదురైనప్పుడు మీ కాలి బలం సరిపోదు.

ఇక మొదటి ప్రశ్న. మీరు చెప్పిన లక్షణాలను బట్టి బూస్టర్‌కు అందాల్సిన వ్యాక్యూమ్, అంటే గాలిని లాగేసిన ఖాళీ, అందడం లేదు. బూస్టరే పాడై ఉండవచ్చు, కాదనను. అయితే డీజిల్ బండిలో దానికంటే ముందు చూడాల్సినవి మూడు ఉన్నాయి: వ్యాక్యూమ్ పంపు, అక్కడి నుంచి బూస్టర్‌కు వచ్చే గొట్టం, మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే వన్‌వే వాల్వ్. ఈ మూడూ చూడకుండా బూస్టర్ మార్చమన్నవారి మాట వినకండి. ఇరవై రెండేళ్లుగా బ్రేకుల పనే చేస్తున్నాను. అవసరం లేకుండా మార్చిన బూస్టర్లను నేను చాలానే చూశాను.

మొదటి గ్యారేజీలో చేసిన పని ఎందుకు పనికిరాలేదో చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతుంటే తప్పు ఆయిల్ వైపు ఉంటుంది. లైన్లలో గాలి చేరి ఉండవచ్చు, ఎక్కడో కారుతుండవచ్చు, ఆయిల్ పాతబడి వేడికి మరిగి ఉండవచ్చు. చేరిన గాలికీ, పాత ఆయిల్‌కూ బ్లీడింగ్ మందు. మీ జబ్బు అందుకు పూర్తిగా ఎదురుది. గట్టిపడిన పెడల్‌ను బ్లీడింగ్ మెత్తబరచలేదు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశారు.

బానెట్ ఎత్తి చూడండి. డ్రైవరు వైపు, ఇంజను వెనక గోడకు ఆనుకుని నల్లటి గుండ్రని డబ్బా ఒకటి ఉంటుంది. అదే బూస్టర్. దాని ముందు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్, ఆ పైన ఆయిల్ డబ్బా ఉంటాయి. బూస్టర్ లోపల ఒక రబ్బరు డయాఫ్రమ్ దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు రెండు గదుల్లోనూ వ్యాక్యూమే. తొక్కగానే ఒక చిన్న వాల్వ్ తెరుచుకుని, పెడల్ వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది. ఒక పక్క గాలి, మరో పక్క వ్యాక్యూమ్. ఆ తేడాయే డయాఫ్రమ్‌ను ముందుకు నెడుతుంది.

ఆ నెట్టుడు ఎంత ఉంటుందో చూడండి. 23 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న డయాఫ్రమ్ వైశాల్యం సుమారు 415 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోల తేడా ఉందనుకుంటే మొత్తం 270 కిలోల దాకా తోడ్పాటు అందుతుంది. మీరు కాలి వేళ్లతో ఆనించినట్టు తొక్కితే టన్నుకు పైగా బరువున్న బండి ఆగేది ఈ బలం వల్లే. వ్యాక్యూమ్ పోతే ఆ 270 కిలోలూ పోయినట్టే. బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి, తోడు ఉండదు. అందుకే మీకు పెడల్ రాయిలా తగులుతోంది.

పెట్రోలు ఇంజను గాలి పీల్చే దారిలో థ్రాటిల్ అనే మూత అడ్డుంటుంది కాబట్టి ఇంటేక్ మానిఫోల్డ్‌లో (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాల్లో) వ్యాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. డీజిల్‌లో ఆ అడ్డు వ్యాక్యూమ్‌కు సరిపడా ఉండదు. అందుకని విడిగా ఒక పంపు పెడతారు. కొన్ని ఇంజన్లలో అది క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది, కొన్నింటిలో ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. మీది డీజిల్ అని తెలియగానే నా అనుమానం ముందు పంపు మీదికి వెళ్లింది ఇందుకే.

ఇప్పుడు మీరే చేసుకోగల మూడు పరీక్షలు. ఏ పనిముట్టూ అక్కర్లేదు. బండిని సమతలంగా నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. అన్నిటికంటే ముందు పెడల్ కిందికి చెయ్యి పెట్టి చూడండి. మ్యాట్ మడతపడో, సీసా దొర్లివచ్చో పెడల్‌కు అడ్డుపడి ఉండవచ్చు.

మొదటి పరీక్ష. ఇంజను ఆపి ఉంచి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి వదలండి. లోపల మిగిలిన వ్యాక్యూమ్ ఖర్చయి పెడల్ గట్టిపడుతుంది. ఇది జబ్బు కాదు, ఏ బండికైనా అంతే. ఇంజను ఆగి ఉన్నప్పుడు పెడల్ గట్టిగా ఉందని కంగారుపడి ఫోను చేసేవారు చాలామంది ఉంటారు, అందుకే ఈ మాట విడిగా చెబుతున్నాను. గట్టిపడ్డాక, మామూలు బలంతో తొక్కి అలాగే పట్టుకుని ఇంజను స్టార్ట్ చేయండి. బాగున్న బండిలో ఇంజను అందుకోగానే పాదం కింద పెడల్ కొంచెం దానంతట అదే దిగుతుంది. ఎవరో కింద నుంచి మెల్లగా లాగినట్టు ఉంటుంది. ఒక్కసారి తెలిస్తే ఆ అనుభూతిని మీ కాలు మరిచిపోదు. దిగకపోతే వ్యాక్యూమ్ రావడం లేదు, లేదా వచ్చినా బూస్టర్ వాడుకోవడం లేదు. పెడల్ పూర్తిగా నేలదాకా దిగిపోతే అది వేరే జబ్బు, మాస్టర్ సిలిండర్‌నో ఆయిల్ కారడాన్నో చూసుకోవాలి.

రెండో పరీక్ష. ఇంజను రెండు నిమిషాలు నడిపి ఆపండి. ఒక్కోసారికి నాలుగైదు సెకన్లు ఆగుతూ, ఒకే బలంతో నాలుగుసార్లు తొక్కండి. మొదటిసారి లోతుగా దిగాలి, రెండోసారి కొంచెం పైనే ఆగాలి, మూడోసారి ఇంకా పైన. మెట్లు ఎక్కినట్టు పైకి రావాలి. మొదటిసారే రాయిలా ఉంటే వ్యాక్యూమ్ నిలవడం లేదు. మొదటి పరీక్షలో పెడల్ బాగా దిగి, ఇందులో మాత్రం తప్పిందంటే వన్‌వే వాల్వ్ మీద గట్టిగా అనుమానపడాలి.

మూడో పరీక్ష. ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకోండి. కాలు తీయకుండానే ఇంజను ఆపి 30 సెకన్లు అలాగే ఉంచండి. పెడల్ కదలకూడదు. పాదాన్ని పైకి నెడుతుంటే బూస్టర్ లోపల గాలి కారుతోంది. తొక్కినప్పుడు డ్యాష్‌బోర్డు కింద నుంచి ఆగకుండా బుస్సుమనే శబ్దం వస్తుంటే కూడా అదే అర్థం. తొక్కిన క్షణం సన్నగా వినిపించి ఆగిపోయేది మామూలే. పట్టుకున్నంతసేపూ వినిపించేది కాదు. పెట్రోలు బండి అయితే ఇలాంటప్పుడు ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను నడక) కూడా తడబడుతుంది, ఎందుకంటే కారే గాలి నేరుగా ఇంజనులోకి పోతుంది.

తర్వాత బానెట్ కింద చేసేది ఒకటుంది, కానీ ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, పొడుగు చేతుల బట్టలు లేకుండా చేయాలి. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్ చేత చేయించండి. ఇంజనును కాసేపు నడిపి ఆపండి, పెడల్ తొక్కవద్దు. బూస్టర్ మీద ఉన్న వాల్వ్‌ను మెల్లగా బయటికి లాగండి. లోపల వ్యాక్యూమ్ నిలిచి ఉంటే బయటి గాలి ఒక్కసారిగా బుస్సున లోపలికి పోతుంది. ఏ శబ్దమూ లేకపోతే అది ఖాళీ. ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి ఆ గొట్టం చివర బొటనవేలు మూసి చూడండి. రెండు మూడు సెకన్లలో వేలిని గట్టిగా లాగి పట్టుకోవాలి. వేలు లాగుతుంటే పంపు, గొట్టం బాగున్నట్టు. లాగకపోతే బూస్టర్ జోలికి పోవద్దు, తప్పు ఇంకా వెనకే ఉంది.

వ్యాక్యూమ్ కొలిచే గేజీ ఉంటే కొలతతో తేల్చవచ్చు. పెట్రోలు ఇంజను ఐడిల్‌లో 18 నుంచి 22 అంగుళాల పాదరసం దాకా చూపించాలి. డీజిల్ పంపు అంతకంటే ఎక్కువే లాగాలి. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. కొండల మీద పెడల్ కాస్త బరువుగా అనిపించడానికి అదే కారణం.

గొట్టం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువగా మోసం చేసింది అదే. కొన్నేళ్ల క్రితం ఒక డీజిల్ బండి వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికే బూస్టర్ రెండుసార్లు మార్చారు, పంపు ఒకసారి మార్చారు. ఉదయం స్టార్ట్ చేస్తే పెడల్ వెన్నలా ఉండేది. అరగంట నడిచాక రాయి అయ్యేది. ఉదయం పూట గ్యారేజీలో చూస్తే అన్ని పరీక్షలూ నెగ్గేది. చివరికి ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, ఆ వేడిలోనే గొట్టం పంపు వైపు తీశాను, అక్కడ లాగుతోంది. బూస్టర్ వైపు తీశాను, లాగడం లేదు. బయటికి గొట్టం కొత్తదానిలా నిగనిగలాడుతోంది, పగులు లేదు. కత్తితో నిలువునా చీల్చి చూస్తే, వంపు దగ్గర లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు అది గోడకు అతుక్కుని ఉండేది. వేడెక్కితే మెత్తబడి, పంపు లాగగానే దారికి అడ్డం పడేది. ఆ ముక్కను ఇప్పటికీ దాచుకున్నాను. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు ముందు దాన్నే చేతికిస్తాను.

అందుకే మీ పెడల్ ఎప్పుడు గట్టిపడుతోందో గమనించి చెప్పండి. స్టార్ట్ చేసినప్పటి నుంచీ గట్టిగానే ఉందా, వేడెక్కాకనా, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కినప్పుడు మాత్రమేనా? మొదటి తొక్కుడు మెత్తగా ఉండి, వెంటనే తొక్కిన రెండోది, మూడోది గట్టిపడితే వ్యాక్యూమ్ వస్తోంది కానీ త్వరగా నిండడం లేదని అర్థం. అరిగిన పంపు, సన్నబడిన దారి ఇలాగే చెబుతాయి.

పంపు అరగడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇంజన్ ఆయిల్ సమయానికి మార్చకపోవడం. ఆ పంపు లోపలి రెక్కలకు ఆయిలే కందెన, ఆయిలే గాలిని ఆపే మూత. ఆయిల్ వచ్చే సన్నటి రంధ్రం మడ్డితో పూడితే పంపు ఎండిపోయి అరుగుతుంది. పంపు మార్చినప్పుడు పాత గొట్టంలోకి వేలు పెట్టి చూడండి. ఆయిల్ తడి ఉంటే గొట్టం కూడా మార్చాలి, ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి లోపలికి ముడుచుకుంటుంది. ఇంకో సంగతి: కొన్ని డీజిల్ బండ్లలో ఇదే పంపు నుంచి టర్బోకు, ఈజీఆర్ వాల్వ్‌కు (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే వాల్వ్) సన్న గొట్టాలు వెళ్తాయి. వాటిలో ఒకటి ఊడినా, పగిలినా వ్యాక్యూమ్ అటు కారిపోతుంది. పెడల్ గట్టిపడిన రోజుల్లోనే బండి లాగుడు కూడా తగ్గిందని మీకు అనిపిస్తే, ముందు ఆ సన్న గొట్టాలను వేలితో తడిమి చూడండి.

వన్‌వే వాల్వ్ పరీక్ష సులువు. తీసి నోటితో ఊదండి. బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజను వైపు నుంచి ఊదితే పోకూడదు. రెండు వైపులా పోయినా, ఎటూ పోకపోయినా మార్చాల్సిందే. కొన్ని బండ్లలో అది గొట్టంలోనే ఇమిడి ఉంటుంది, అప్పుడు గొట్టం మొత్తం మారుతుంది. కొత్తది బిగించేటప్పుడు బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి.

ఇవన్నీ బాగుండి బూస్టరే తప్పని తేలితే, మార్చే ముందు అది ఎందుకు పోయిందో అడగండి. వయసు వల్ల డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు. అయితే ఒకసారి ఒక బండిలో బ్రేక్ ఆయిల్ నెలనెలా తగ్గుతోంది, నాలుగు చక్రాల దగ్గరా చుక్క తడి లేదు. మాస్టర్ సిలిండర్ బోల్టులు విప్పి ముందుకు జరిపితే, బూస్టర్ ముఖం మీద పెయింటు పొక్కులు లేచి రాలిపోతోంది. వైరుకు గుడ్డ చుట్టి లోపలికి పంపితే తడిసి వచ్చింది. మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి ఆయిల్ బూస్టర్‌లోకి చేరుతోంది. అలాంటప్పుడు బూస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా కొన్నాళ్లకు అదే దారి పడుతుంది. రెండూ మార్చాలి.

వ్యాక్యూమ్‌తో సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. మూడు పరీక్షలూ నెగ్గిన బండి సరిగా ఆగకపోతే చక్రాల దగ్గరికి వెళ్లాలి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పుపట్టి బిగుసుకోవడం, పిస్టన్ ఇరుక్కోవడం, ప్యాడ్ల ముఖం కాలి అద్దంలా నునుపెక్కడం, పెడల్ ఇరుసు దగ్గర తుప్పు, ఇవి మామూలుగా కనబడేవి. ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. ప్యాడ్లు పట్టనప్పుడు పెడల్ మామూలుగానే దిగుతుంది, బండి మాత్రం ఆగదు. వ్యాక్యూమ్ లేనప్పుడు పెడలే దిగదు. మీకు ప్యాడ్లు కొత్తగా వేశారు కాబట్టి మొదటి 200, 300 కిలోమీటర్ల వరకు పట్టు కొంచెం తక్కువ ఉండవచ్చు. రాయిలాంటి పెడల్‌కు అది కారణం కాదు.

ఆయిల్ పోసినవారు ఏ ఆయిల్ పోశారో మాత్రం తప్పకుండా అడగండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పడితే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బుతాయి. పెడల్ గట్టిపడుతుంది, వదిలినా బ్రేకులు పట్టుకునే ఉంటాయి, చక్రాలు కాలిపోతాయి. గుర్తుపట్టడం తేలిక: ఆయిల్ డబ్బా మూత తీసి, దాని లోపలి రబ్బరు చూడండి. అది అలలు అలలుగా సాగి మళ్లీ చోటులో కూర్చోకపోతే పని చాలా పెద్దది. ఆయిల్ తగిలిన ప్రతి రబ్బరు భాగం మార్చి, లైన్లన్నీ కడగాలి. ఆయిల్ మార్చి సరిపెట్టుకుందామంటే ఒప్పుకోకండి. మీ పెడల్ ఆయిల్ పోయకముందే గట్టిపడింది కాబట్టి ఇది మొదటి కారణం కాకపోవచ్చు, అయినా ఒక్కసారి మూత ఎత్తి చూడటానికి నిమిషం చాలు.

పెట్రోలు బండి ఉన్నవారు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. చల్లటి ఉదయం స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో పెడల్ కాస్త బరువుగా ఉండి తర్వాత సర్దుకుంటే కంగారు అక్కర్లేదు. ఆ సమయంలో ఇంజను థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉంచుతుంది, వ్యాక్యూమ్ తగ్గుతుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. కొన్నింటిలో కరెంటుతో తిరిగే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, అప్పుడు ముందు ఫ్యూజు, రిలే చూడాలి. మరికొన్నింటిలో వ్యాక్యూమే ఉండదు, మోటారే నెడుతుంది. వాటిలో చాలా ఎక్కువ ఒత్తిడి నిల్వ ఉండే భాగాలు కూడా ఉండవచ్చు. స్కానర్ లేకుండా వాటి నట్టు విప్పవద్దు.

నడుస్తుండగా పెడల్ ఒక్కసారిగా గట్టిపడితే ఏం చేయాలో ఇంట్లో బండి నడిపే అందరికీ చెప్పండి. పదేపదే తొక్కి వదలకండి. బూస్టర్‌లో రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా వ్యాక్యూమ్ మిగిలి ఉంటుంది, వదిలిన ప్రతిసారీ అది ఖర్చయిపోతుంది. ఒక్కసారే, అవసరమైతే రెండు కాళ్లూ పెట్టి, వీపును సీటుకు ఆనించి నొక్కి పట్టుకోండి. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్‌బ్రేక్‌ను బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. తాళం మాత్రం తిప్పకండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీస్తే లాక్ కూడా పడవచ్చు. వాలులో ఇంజను ఆపి బండిని దొర్లించే అలవాటు ఉన్నవారు ఈ రోజే మానేయండి. వ్యాక్యూమ్ పుట్టేది ఇంజను తిరిగినప్పుడే.

బూస్టర్ నిజంగానే మార్చాల్సి వస్తే, బిగించేవారిని పుష్‌రాడ్ కొలత చూశారా అని అడగండి. బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే కడ్డీ అది. పొడవు ఎక్కువైతే బ్రేకులు పూర్తిగా వదలవు. వేడెక్కేకొద్దీ పట్టు పెరిగి చక్రాలు బిగుసుకుంటాయి. పొట్టిదైతే పెడల్ బాగా కిందికి దిగాకే బ్రేకు పడుతుంది. బిగించాక నాలుగు చక్రాలూ పైకెత్తించి, పెడల్ తొక్కి వదిలి చేత్తో తిప్పి చూడమనండి. ఖాళీ రోడ్డులో నెమ్మదిగా మొదలుపెట్టి పది కిలోమీటర్లు నడిపాక, వేడిగా ఉన్నప్పుడు మళ్లీ తిప్పి చూడాలి. వెనక బ్రేకు లైట్లు వెలిగి ఆరుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఆ తర్వాత డబ్బు ఇచ్చే ముందు మొదటి పరీక్షను మీ కాలితో మీరే చేయండి. ఇంజను అందుకోగానే పెడల్ దిగాలి.